డబ్బాకు అబ్బిన వాసన

ఆ ఆదివారం ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే బావమరిది ఖైమా తెచ్చిస్తాడు. ఇల్లాలు దాన్ని ఉండలు చేసి వండుతుంది. మధ్యాహ్నం బావమరిదీ అతని భార్యా వచ్చి భోంచేస్తారు. ఇందులో ఇంటాయన చేయవలసింది ఏమీ లేదు. ఆయన్ని వేలు పెట్టనివ్వకపోతే ఏ పనైనా సజావుగా జరిగిపోతుందని ఇల్లాలికి పెళ్ళైన కొత్తలోనే తెలిసింది.

ఇంటాయన ఆహార పరీక్షల ప్రయోగశాలలో అధికారి. అక్కడ అందరూ ఆయన్ని ముక్కు సారు అంటారు. ముక్కు పెద్దదని కాదు, మాంసంలో కల్తీని వాసనతో పట్టేసే ఎలక్ట్రానిక్ ముక్కును తయారు చేస్తున్నాడని. అది కుట్టుమిషను తలకాయంత డబ్బా. ముందు సన్నటి రబ్బరు గొట్టం, పైన చిన్న తెర, పక్కన రెండు దీపాలు. మాంసాన్ని గాజు సీసాలో పెట్టి మూత బిగించి కాసేపు ఉంచితే, పైన చేరిన గాలిని గొట్టం పీల్చుకుంటుంది. లోపలున్న సెన్సర్లు ఆ గాలిని వాసన చూస్తాయి. శుద్ధమైతే పచ్చదీపం, కల్తీ అయితే ఎర్రదీపం. ముక్కలుగా కొట్టిన మాంసాన్ని కంటితో పోల్చుకోవచ్చు గాని, ఖైమా కొట్టేశాక అందులో మేక ఎంతో, చౌకగా వచ్చే కోడి ఎంతో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. బ్రహ్మకు తెలియనిది తన డబ్బాకు తెలియాలని ఆయన పట్టుదల.

విచిత్రమేమిటంటే, సారు సొంత ముక్కు పనిచేయదు. పడిశం పది రోగాల పెట్టు అంటారు. ఆయనకు ఆ పది రోగాలూ రాలేదు గాని పడిశం మాత్రం ఏడాది పొడుగునా ఉండేది. పొద్దున లేచి ముక్కుకు అటూ ఇటూ, కణతల మీదా ఇంత బామ్ పట్టించనిదే ఆయనకు తెల్లవారదు. మంచం పక్కన ఒక డబ్బీ, చొక్కా జేబులో ఒకటి, ఆఫీసు సొరుగులో ఒకటి. ఆయన వీధి మలుపు తిరుగుతుండగానే వస్తున్నాడని ఇంట్లో వాళ్ళకు తెలిసిపోయేది. ఆ ఘాటు తెలియనిది ఆయనకొక్కడికే.

డబ్బాకు చదువు చెప్పడం చంటిపిల్లకు అక్షరాలు దిద్దించడం లాంటిది. ఇది శుద్ధం, ఇది కల్తీ అని విసుగు లేకుండా చూపిస్తూ పోతే తేడా ఏమిటో అదే పట్టుకుంటుంది. శుద్ధమైన మాంసాన్ని సారు బావమరిది దుకాణంలో ఎదురుగా నిలబడి కొట్టించి తెచ్చేవాడు. తానే చేతులకు తొడుగులు వేసుకుని సీసాల్లోకి ఎత్తేవాడు. కల్తీ సీసాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకు మనసొప్పలేదు. "ఇన్నేళ్ళూ కల్తీని పట్టుకున్న చేత్తో కల్తీ ఎలా కలపనమ్మా" అని ఆ పని తోటి ఉద్యోగినికి అప్పగించాడు. ఆవిడకు అలాంటి పట్టింపులేమీ లేవు. పక్క గదిలో కూర్చుని రేడియో వింటూ కలిపి పెట్టేది. డబ్బా బుద్ధిగల పిల్లలా నేర్చుకుంది. ఎన్ని సీసాలు ముందు పెట్టినా ఒక్కసారి కూడా తడబడలేదు. పైఅధికారి ముచ్చటపడిపోయి, సోమవారం దాన్ని బజారుకు తీసుకెళ్ళి దుకాణం దుకాణం పరీక్షించమన్నాడు. కల్తీ అని తేలితే ఆ దుకాణానికి తాళమే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని సారు ఆయన అనుమతి అడిగి డబ్బాను ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆదివారం లేవగానే మంచం పక్కన బామ్ కనిపించలేదు. చొక్కా జేబులోదీ లేదు.

"దాచేశాను," అంది ఇల్లాలు వంటింట్లోంచి. "పోయినసారి మా తమ్ముడి పెళ్ళాం ఏమందో తెలుసా? మీ ఇంట్లో అన్నం తింటుంటే ఆసుపత్రిలో రోగిని చూడ్డానికి వచ్చినట్టుంది వదినా, అంది. ఈ ఒక్క పూట ఓర్చుకోండి."

ఓర్చుకోక తప్పలేదు. తలంటుకుని రమ్మంది, వచ్చాడు. సబ్బు సరిగ్గా రాసుకోలేదని మళ్ళీ పంపింది, వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బోడి నుదురుతో, ఎవరింట్లోనో కూర్చున్నట్టు బల్ల దగ్గర కూర్చున్నాడు.

ఆ సమయానికే బావమరిది దుకాణం తెరవడానికి వెళ్తూ స్టీలు డబ్బాలో ఖైమా ఇచ్చి పోవడానికి వచ్చాడు. అతనిది తండ్రి పెట్టిన దుకాణం. తండ్రి పేరే ఇంకా బోర్డు మీద ఉంది, ఏడాదికోసారి రంగు కూడా వేయిస్తాడు. బల్ల మీది యంత్రాన్ని చూసి నవ్వాడు.

"ఏం బావా, నీ రెండో ముక్కు ఎలా ఉంది? దానికీ పడిశం పట్టించావా?"

"రేపు బజారుకొస్తున్నాం. మొదటి దుకాణం నీదే," అన్నాడు సారు.

"రానీ. ఓ ముద్ద ఇప్పుడే రుచి చూపించు దానికి. రేపు మొహమాటపడకుండా ఉంటుంది." స్టీలు డబ్బా అక్క చేతికిచ్చి, మధ్యాహ్నం ఉండలు తగ్గితే ఊరుకోనని చెప్పి వెళ్ళిపోయాడు.

ఇల్లాలు ఉల్లిపాయలు తెచ్చుకోవడానికి పెరట్లోకి వెళ్ళగానే సారు కాస్త ఖైమా తీసి సీసాలో పెట్టాడు. మూత బిగించాడు. గొట్టం తగిలించాడు. డబ్బా గుర్రుమని పీల్చుకుని ఆలోచించి ఎర్రదీపం వెలిగించింది. తెర మీద 'కల్తీ' అని పడింది, ఏమాత్రం అనుమానం లేదన్నట్టు తొంభై మూడు శాతం అని కూడా పడింది.

సీసా కడిగి మళ్ళీ పెట్టాడు. ఎర్రదీపం. సీసా మార్చి పెట్టాడు. ఈసారి తొంభై అయిదు.

బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అంటారు. తన బతుకు కోరే బావమరిది బతుకును రేపు తానే వీధిలో పెట్టాలన్నమాట. మొదటి దుకాణం వదిలేసి రెండో దానికి పోదామంటే ఆయన ఆఫీసు పెన్సిలు ఇంటికి తెచ్చుకోని మనిషి. వదలకుండా ఉందామంటే బోర్డు మీద మామగారి పేరు. ఆలోచించగా ఆలోచించగా ఆయనకు తోచిందల్లా, ముందు ఆ ఖైమా మధ్యాహ్నం ఎవరి పొట్టలోకీ పోకుండా చూడటం. స్టీలు డబ్బాను ఫ్రిజ్ అడుగున ఆకుకూరల కింద దాచేశాడు.

"ఖైమా ఏదండీ?" అంది ఇల్లాలు తిరిగి వచ్చి.

అబద్ధమాడటం అలవాటు లేనివాడు ఒకటి ఆడాల్సి వస్తే ఉన్నవాటిలో అన్నిటికంటే నాసిరకందే ఎంచుకుంటాడు. "చెయ్యి జారి కింద పడిపోయింది. తుడిచేశాను," అన్నాడు.

ఇల్లాలు నేలవంక చూసింది. తరవాత ఆయనవంక చూసింది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆయన నేల తుడవడం ఆవిడ చూడలేదు. చేతిసంచీ అందించి, తమ్ముడి దగ్గరికే వెళ్ళి ఇంకాస్త తెమ్మంది. సారు సంచీ తీసుకున్నాడు. ఆవిడ అటు తిరగ్గానే బల్ల మీది యంత్రాన్నీ సీసాలనూ కూడా సంచీలో పెట్టుకున్నాడు.

బజారులో బావమరిది దుకాణం ముందు ఆదివారపు వరస వీధి దాకా ఉంది. సారు తల వంచుకుని ఆ వరస పక్కనుంచి దాటిపోయి, దానికెదురుగా ఉన్న మూల దుకాణంలో ఖైమా కొట్టించుకున్నాడు. మూల దుకాణం ఆసామికీ బావమరిదికీ మాటల్లేవు. ఇన్నేళ్ళలో ఎన్నడూ తన గడప తొక్కని అధికారి ఈరోజు ఎందుకు వచ్చాడో అర్థంకాక, అతను తూకం కాస్త ఎక్కువే వేశాడు.

వరసలో ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళ నుంచి ఏదీ తప్పించుకోలేదు, చెవుల నుంచి అసలే తప్పించుకోలేదు. తన చోటు పోకుండా చేతికర్రను అక్కడ నిలబెట్టి వచ్చి, బావమరిది దుకాణం వదిలేసి ఇక్కడేం చేస్తున్నారని సారును అడిగాడు.

"అది..." అన్నాడు సారు. ఉన్న ఒక్క అబద్ధమూ పొద్దున్నే ఖర్చయిపోయింది. "ఇప్పుడు నేనేమీ చెప్పకూడదండీ. రేపు సోమవారం ఎలాగూ తెలుస్తుంది."

హెడ్మాస్టరు తల పంకించాడు. వెళ్ళి చేతికర్ర తీసుకున్నాడు గాని వరసలో నిలబడలేదు. ఆయన వెనక ఉన్నావిడ ఎందుకని అడిగింది. ఆయన కూడా, ఇప్పుడేమీ చెప్పకూడదన్నాడు. అంతకంటే వివరంగా చెప్పవలసిన పని లేకపోయింది.

ఇదేమీ తెలియని సారు సందు చివర మెట్ల మీద కూర్చుని మూల దుకాణం ఖైమాను పరీక్షించాడు. ఎర్రదీపం. పక్క వీధి దుకాణానికి వెళ్ళి కొన్నాడు. ఎర్రదీపం. మరో దుకాణంలో కొన్నాడు. అదీ ఎర్రదీపమే. ఊరంతా కల్తీయే అని తేలుతున్నకొద్దీ ఆయన మనసు ఒకపక్క కుంగింది, ఇంకోపక్క బావమరిది ఒక్కడే దొంగ కాదని కాస్త తేరుకుంది. ఆ పిసరంత సంతోషానికి మళ్ళీ తనను తానే చీదరించుకున్నాడు. ఇంతలో సంచీలోంచి ఎర్రటి వెలుగు తొంగిచూడటం, ఆహార పరీక్షల అధికారి ఆదివారం పూట వీధి మెట్ల మీద కూర్చుని సీసాలు కడుక్కోవడం బజారంతా చూసింది. ఒక దుకాణం షట్టరు దిగింది. దాన్ని చూసి పక్కది దిగింది. సారు నాలుగో దుకాణం వెతుక్కుంటూ వెళ్ళేసరికి కొనడానికి బజారులో ఏమీ మిగల్లేదు. బంగాళాదుంపలు కొనుక్కుని ఇంటికి బయలుదేరాడు.

చినుకులాంటి ఆ మాట ఇంటికి చేరేలోపలే గాలివాన అయింది. ఇల్లాలికి నలుగురు ఫోన్ చేశారు. తమ్ముడి దుకాణంలో ఏదో దొరికిందట గదా అని మొదటివారు అడిగారు. దుకాణానికి తాళం వేశారట గదా అని రెండోవారు. మూడోవారు ఏమీ అడగలేదు, ధైర్యంగా ఉండమన్నారు. నాలుగోవారు అడిగిందేమిటో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆ తరవాత ఆవిడ కొత్తిమీర కోసం ఫ్రిజ్ తెరిచింది.

సారు గుమ్మంలో అడుగుపెట్టేసరికి స్టీలు డబ్బా బల్ల మధ్యలో ఉంది. దాని పక్కనే బావమరిది కూర్చుని ఉన్నాడు. భార్యను తీసుకురాలేదు.

"రండి బావగారూ, కూర్చోండి," అన్నాడు.

అతను కోపమొచ్చినకొద్దీ మర్యాద పెంచే మనిషి. బావగారూ అన్నాడంటే చాలా దూరం వచ్చేసినట్టే.

"పొద్దున మా దుకాణం ముందు వీధి దాకా జనం ఉన్నారు. ఇప్పుడొక కుక్క ఉంది. అది కూడా అటు తిరిగి పడుకుంది. పొద్దున కొనుక్కుపోయినవాళ్ళు పొట్లాలు తెచ్చి గట్టు మీద పెట్టి వెళ్తున్నారు. ఎవరూ తిట్టడం లేదు బావగారూ, తిడితే బాగుండును. మా నాన్న పేరు చెప్పుకుని బతికే వాళ్ళం. మేమేం కలిపామో మీరు చెప్పండి, వింటాను."

"నేనెవరితోనూ ఏమీ అనలేదు," అన్నాడు సారు. అది నిజమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

"అనకపోవడమేంటండీ," అంది ఇల్లాలు. "నోటితో అనకుండా వీధి వీధీ తిరిగి చూపించారు. మా తమ్ముడి మీద అనుమానముంటే నాతో చెప్పొద్దా? నేల తుడిచానంటారా?"

సారు ఇక దాచలేకపోయాడు. పొద్దున్నుంచి జరిగినదంతా చెప్పాడు. చెప్పి, రేపు మొదటి దుకాణం వదలలేననీ, వదిలి బతకలేననీ, వదలకుండా ఈ ఇంట్లో తిండి తినలేననీ అన్నాడు. బావమరిది స్టీలు డబ్బాను బావవైపు తోశాడు.

"నా కళ్ళముందు పెట్టండి. ఎర్రదీపం వెలిగితే రేపటిదాకా ఎందుకు, ఈ సాయంత్రమే నేనే తాళం వేసుకుంటాను. నాన్న బోర్డు నేనే దించుతాను."

సారుకు తల పగిలిపోతోంది. కణతల దగ్గర నరాలు టకటక కొట్టుకుంటున్నాయి. ఇక ఇంటిని ఎవరు ఆసుపత్రి అనుకున్నా ఫరవాలేదనీ, ముందు ఆ బామ్ ఎక్కడుందో తీసి ఇమ్మనీ భార్యను బతిమాలాడు. ఆవిడ పప్పు డబ్బా వెనక నుంచి తీసి ఇచ్చింది. ఆయన కరువుతీరా నుదుటికీ, కణతలకూ, ముక్కుకూ పట్టించాడు. తరవాత ఆ చేతులతోనే తొడుగులు తొడుక్కుని, ఖైమా సీసాలోకి ఎత్తి, మూత బిగించి, గొట్టం తగిలించాడు.

డబ్బా గుర్రుమంది. పచ్చదీపం వెలిగింది. శుద్ధం, తొంభై ఎనిమిది శాతం.

ఇల్లాలు కుర్చీలో కూలబడింది. బావమరిది మాత్రం నవ్వలేదు.

"అదేంటి? పొద్దున కల్తీ అయింది మధ్యాహ్నానికి శుద్ధమెలా అయింది? ఫ్రిజ్‌లో పుణ్యస్నానం చేసిందా?" అతని మర్యాద కొద్దిగా తగ్గింది. "బావా, ఆ మూల దుకాణం వాడిది కూడా తీసుకొచ్చావుగా. అది పెట్టు."

పెట్టాడు. పచ్చదీపం. పక్క వీధిది పెట్టాడు, పచ్చదీపం. మూడో దానికీ పచ్చదీపమే. బావమరిది సంచీలోంచి ఒక బంగాళాదుంప తీసి బావ చేతిలో పెట్టాడు. సారు దాన్ని కోసి ముక్క సీసాలో వేశాడు. డబ్బా ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. శుద్ధమైన మేక మాంసమని తొంభై ఏడు శాతం నమ్మకంతో చెప్పింది.

ఇల్లాలు లేచి వచ్చి, సీసా నుంచి గొట్టం ఊడదీసి, దాని కొసను మొగుడి నుదుటికి ఆనించింది. పచ్చదీపం ఎప్పుడూ లేనంత ధగధగా వెలిగింది. తెర మీద వందకు వంద పడింది.

"మీ గురించి ఇంత నమ్మకంగా ఇంతవరకు ఎవరూ చెప్పలేదండీ," అంది ఆవిడ.

సారుకు అప్పుడు అర్థమైంది. శుద్ధమైన సీసాలన్నీ నింపింది బామ్ అంటిన వేళ్ళతో తొడుగులు తొడుక్కునే తను. కల్తీవన్నీ నింపింది బామ్ రాసుకోని తోటి ఉద్యోగిని. డబ్బా చక్కగానే నేర్చుకుంది. మేకనూ కోడినీ వదిలేసి, రెండు రకాల సీసాలకూ ఉన్న అసలు తేడాను పట్టుకుంది. ఆ తేడా ఆయన ముక్కుకు తప్ప లోకంలో ప్రతి ముక్కుకూ తెలుసు. కల్తీ చేతికి అంటకూడదని ఆయన పడిన ఆరాటమే ఇన్నాళ్ళ చదువునూ కల్తీ చేసింది.

ఆయన ఈ సంగతి వివరిస్తుంటే బావమరిది మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. అంతలోనే ఆపేశాడు. "నవ్వొస్తోంది గాని బావా, ఇప్పుడు బజారుకు వెళ్ళి ఏమని చెబుతావు? మా బావ నుదురు మేక మాంసమని చెబుతావా? ఎవడు నమ్ముతాడు? పోయిన పేరు పోయినట్టే."

అది నిజమేనని ముగ్గురికీ తెలుసు. ఇల్లాలు బంగాళాదుంపలవైపు చూస్తూ కూర్చుంది.

గడప దగ్గర ఎవరో దగ్గారు. మూల దుకాణం ఆసామి. పొద్దున తూకం ఎక్కువ వేసిన మనిషే గాని సగం బరువు తగ్గినట్టున్నాడు. అతని వెనక, దారి చూపించడానికి వచ్చానంటూ హెడ్మాస్టరు. లోపల బావమరిది ఉన్నాడన్నది కూడా చూసుకోకుండా ఆసామి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, మీరు మెట్ల మీద కూర్చుని మా ఖైమా పరీక్ష చేయడం చూశాను. ఎర్రదీపం కూడా చూశాను. ఇంక దాచి లాభం లేదు. కోడి కలుపుతున్నాను సార్. ఆదివారాలే కలుపుతాను, వారమంతా కాదు. కేసు రాసేముందు నా మాట కూడా వినండి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడంటారు. ఇక్కడ గుమ్మడికాయల మాట కూడా ఎవరూ ఎత్తలేదు. సారు ఆ డబ్బాకు మాంసం సంగతే తెలియదని చెప్పబోయాడు. అలా చెప్పడం తన ధర్మమని ఆయన నోరు తెరవనే తెరిచాడు. బల్ల కింద ఇల్లాలు ఆయన కాలు తొక్కింది, గట్టిగానే. తెరిచిన నోట్లోంచి తుమ్ము మాత్రమే వచ్చింది.

"మరి ఎదురు దుకాణం సంగతి?" అన్నాడు హెడ్మాస్టరు గుమ్మంలోంచి. ఆయనకు సగం కబురు గిట్టదు.

"వాళ్ళదా?" అన్నాడు ఆసామి నీరసంగా. "వాళ్ళు కలిపితే నాకీ అవస్థ ఎందుకు? వాళ్ళది శుద్ధం కాబట్టే జనం అటు పోతున్నారు. నేను ధర తగ్గించి లాక్కుందామని ఇలా చేశాను."

శత్రువు నోటి నుంచి వచ్చిన ఆ మాట బావమరిది మరోసారి చెప్పించుకుని విన్నాడు. రెండోసారి హెడ్మాస్టరు కోసమన్నాడు. హెడ్మాస్టరు కాఫీ తాగి వెళ్ళమన్నా ఆగలేదు. ఆయన చేతికర్ర చప్పుడు మెట్లు దిగి బజారువైపు ఎంత వేగంగా వెళ్ళిందో విన్నాక, ఇక బోర్డు దించాల్సిన పని లేదని ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. సాయంత్రానికి బావమరిది దుకాణం ముందు వరస వీధి మలుపు కూడా దాటింది. మూల దుకాణం ఖైమాను మామూలు పద్ధతిలో ప్రయోగశాలకు పంపారు. అందులో కోడి ఉన్నమాట నిజమేనని వారం తరవాత తేలింది. ఆ మధ్యాహ్నం మాత్రం వాళ్ళు బావమరిది తెచ్చిన ఖైమాతోనే ఉండలు చేసుకుని తిన్నారు. బామ్ వాసన గురించి ఎవరూ ఏమీ అనలేదు.

సోమవారం సారు పైఅధికారి గదిలో నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, బామ్‌తో సహా అంతా చెప్పాడు. డబ్బా చదువంతా చెరిపేసి మళ్ళీ అ ఆల నుంచి మొదలుపెడతాననీ, ఈసారి కల్తీ సీసాల్లో సగం తన చేత్తోనే కలుపుతాననీ అన్నాడు. పైఅధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"దాన్ని చూసి ఎన్ని దుకాణాలు మూశారన్నారు?"

"దాదాపు అన్నీ అండీ."

"ఒకాయన ఇంటికొచ్చి మరీ ఒప్పుకున్నాడు, అవునా?"

"అవునండీ. కానీ అది దానికి తెలిసి కాదు."

"తెలిసే దాకా ఎప్పటిలాగే చదువు చెప్పండి. ఆదివారాలు మాత్రం దాన్ని సంచీలో పెట్టుకుని బజారులో ఒక చుట్టు తిరిగి రండి. ఆన్ చేయొద్దు."

అది అబద్ధం కిందికి రాదా అని సారు అడిగాడు. మనం ఏమీ చెప్పకుండా తిరుగుతుంటే అబద్ధమెలా అవుతుందని పైఅధికారి అన్నాడు. ఏమీ చెప్పకపోతే ఏమవుతుందో సారుకు అప్పటికే అనుభవం కాబట్టి వాదించలేదు.

ఆ నాటి నుంచీ ప్రతి ఆదివారం ఆయన సంచీ పుచ్చుకుని బజారులో తిరుగుతున్నాడు, ఊళ్ళో ఖైమా శుద్ధంగా దొరుకుతోంది, డబ్బా ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.